మా ఆవిడ బావగారి బ్యాటరీ సైకిలు

ముందు మా ఆవిడ నవ్వు వినిపించింది, మనిషి తర్వాత కనిపించింది. ఫ్రాన్స్ దక్షిణాన, సముద్రానికి కాస్త ఎగువనున్న ఒక ఏటి లోయ అది. ద్రాక్షతోటల మధ్య నుంచి కొండమీది పాత ఊరికి ఎక్కే తెల్లటి కంకర దారిలో, మలుపు దగ్గర అంజూరపు చెట్టు నీడన సైకిలు ఆపుకుని ఎదురుచూస్తున్నాను. అంత ఎత్తు ఎక్కే మనిషికి ఆయాసం రావాలి. ఈవిడకు నవ్వొస్తోంది. పక్కన ఆయన ఉన్నాడు మరి.

ఆయనంటే మా తోడల్లుడు, మా ఆవిడ అక్క మొగుడు. వాళ్ళు అమెరికాలో మంచు కురిసే షామ్‌బర్గ్‌లో ఉంటారు, మేము అక్కడే పడమటి తీరాన శాన్ రామన్‌లో. వయసులో నాకంటే చిన్నవాడే. అయినా పెద్దల్లుడు కాబట్టి నేను ‘అన్నయ్యగారూ’ అనాలి, ఆయన దర్జాగా ‘తమ్ముడూ’ అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరు జారి పేరు పెట్టి పిలిచాను. పప్పు వడ్డిస్తున్న మా అత్తగారు గరిటె గాల్లోనే ఆపేశారు. అప్పటి నుంచి బుద్ధిగా అన్నయ్యగారే.

మా ఆవిడకు ఆయన బావ. అక్క పెళ్ళినాటికి ఈవిడ ఇంటర్ చదువుతోంది. బావామరదళ్ళన్నాక వేళాకోళాలు మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు. కాబట్టి నేనూ ఏమీ అనుకోకూడదు. ఆయన్ని ‘నువ్వు’ అంటుంది, చొక్కా పట్టుకుని లాగుతుంది, పొట్ట మీద జోకులేస్తుంది. నాతో మాత్రం ‘మీరు’, ‘ఏవండీ’. ఇన్నేళ్ళుగా నేనది పట్టించుకోలేదు. ఆ లోయలో మాత్రం గుచ్చుకుంది.

నిజానికి ఈ గ్రావెల్ సైకిళ్ళ పిచ్చి నాది. హ్యాండిల్ రేసు సైకిలుకున్నట్టే కిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం లావు. మట్టిలో, కంకరలో హాయిగా పోతుంది. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఆవిడ మీటింగులు ఆవిడవి, నా మీటింగులు నావి. భోజనాల దగ్గర కూడా ‘ట్రాష్ బయట పెట్టారా’, ‘పెట్టా’ తప్ప మాట లేదు. అందుకని ఆవిడకూ ఒక సైకిలు కొన్నాను. ఏడాది పాటు ప్రతి శనివారం పొద్దున్నే కారుకు సైకిళ్ళు కట్టుకుని లివర్మోర్ వెళ్ళి, అక్కడి ద్రాక్షతోటల పక్క మట్టిదారుల్లో తొక్కాం. మా కాపురంలో ఇది మా ఇద్దరిదీ అని చెప్పుకోవడానికి ఆ శనివారమే మిగిలింది. అదంటే నాకు ప్రాణం. ఆవిడకెలా ఉందని అడగలేదు. వస్తోందిగా, బాగానే ఉంటుందనుకున్నాను.

ఆ ఏడాది కష్టానికి బహుమానంగా ఈ ట్రిప్ ప్లాన్ చేశాను. ఏ వంతెన దాటాలి, ఏ తోట పక్క నుంచి పోవాలి, అన్నీ మ్యాపులో గీసిపెట్టాను. మా ఆవిడ అక్కకు ఫోన్లో చెప్పింది. చెప్పాక ఇంకేముంది, ‘మేమూ వస్తాం’ అన్నారు. వదినగారు సైకిలెక్కరు, సామానంతా కారులో వేసుకుని ఆ రాత్రి దిగాల్సిన ఊరికి మాకంటే ముందే వచ్చేస్తారు. మా అన్నయ్యగారు మాత్రం అక్కడికక్కడే షాపులో బ్యాటరీ సైకిలు అద్దెకు తీసుకున్నారు. నేనేమో ఏడాది పాటు కాళ్ళు అరగదీసుకున్నాను. ఆయన కాలు ఊరికే అలా ఆడిస్తే చాలు, సైకిలు దానంతటదే కొండెక్కేస్తుంది. టీషర్టు పొట్ట దగ్గర బిగుసుకుపోయి ఉంటుంది, మొహాన ఒక్క చెమట చుక్క ఉండదు.

మొదటి రోజు సాయంత్రం మేము దిగిన ఇంటి పెరట్లో సైకిళ్ళు కడుగుతున్నాను. వంటింటి కిటికీలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

“ఈ ట్రిప్ ఒక్కటి అయిపోనీ అక్కా. వెళ్ళగానే సైకిల్ అమ్మేస్తా. ఇక నా వల్ల కాదు.”

తడిగుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది. సైకిలు పోతే పోయింది, శనివారం పోతుందే! లోపలికి వెళ్ళి ఎందుకని అడగొచ్చు. అడిగితే ఏం చెబుతుందోనని భయమేసింది. నోరు మూసుకుని ఆవిడ సైకిలు గొలుసుకు ఇంకాస్త నూనె వేశాను.

మర్నాటి నుంచి ఆవిడకు తొక్కడం సులువు చేయాలని నా తాపత్రయం. గేరు తగ్గించు, మోచేతులు వదులు చెయ్యి, చూపు దూరంగా పెట్టు. “ఊఁ” అనేది. నేను ముందుకు వెళ్ళి దారి ఎలా ఉందో చూసేవాణ్ణి. ఆయన బ్యాటరీ తగ్గించుకుని ఆవిడ పక్కనే, ఆవిడ వేగంలోనే వచ్చేవాడు. ఏటి ఒడ్డున దారి ఎంత బాగుందని! ఒక పక్క గులకరాళ్ళ మీద నీళ్ళు, ఇంకో పక్క ద్రాక్ష కోతలు, గాలంతా పుల్లటి రసం వాసన. చూద్దామంటే మనసు నిలవదే. నా రెండు చెవులూ వెనకే ఉన్నాయి.

ఒకరోజు ఎనిమిదింటికల్లా బయల్దేరాలని నేను గుమ్మంలో నిలబడితే ఆయన వంటింట్లోంచి రాడు. “వస్తున్నా తమ్ముడూ, కంగారేముంది!” అంటాడు. టీ అయింది, ఇంకో టీ అయింది. దారిలో భోజనానికి ఆగుదామనుకున్న ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ దేశంలో భోజనాల వేళ దాటితే ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుందని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. హోటల్లో కుర్చీలు బల్లల మీదికి ఎక్కించేశారు, రొట్టెల కొట్టు మూసేశారు. నా జేబులో ఉన్నవి సైకిలు తొక్కేవాళ్ళు దారిలో పీల్చే జెల్ ప్యాకెట్లే. మా ఆవిడ ఒకటి పిండి చూసి, “ఇది తినేదా, పెదాలకి రాసుకునేదా?” అంది. ఆయన తన సైకిలు ముందరి సంచి తెరిచాడు. నిమ్మకాయ పులిహోర! మీద ఊరమిరపకాయలు! పొద్దున ఆలస్యం ఎందుకయిందో అప్పుడు తెలిసింది.

“బావా, నువ్వు దేవుడివి!” అంది మా ఆవిడ. పాత నీటికుండీ గట్టు మీద కూర్చుని కాళ్ళాడిస్తూ తింది. కుళ్ళుకుంటూనే నేనూ రెండుసార్లు పెట్టించుకున్నాను.

అసూయే. దానికి ఇంకో పేరెందుకు? ఆయన బ్యాటరీ మీద కాదు, పులిహోర మీద కాదు, ఆ నవ్వు మీద. ఏడాది మొత్తంలో ఒక్క శనివారం కూడా ఆవిడ నాతో అలా నవ్వలేదు. అంతగా ఏం చెబుతున్నాడీ మనిషి? షామ్‌బర్గ్‌లో మంచు ఎత్తిపోసుకోవడం తప్ప ఇంకేం తెలుసు ఈయనకి?

అదిగో, అలా ఉడుకుతూనే మొదట చెప్పిన ఆ అంజూరపు చెట్టు కింద నిలబడ్డాను. ఇద్దరూ మలుపు తిరిగి వచ్చారు. నన్ను చూసి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మా ఆవిడ పెదవి బిగపట్టింది.

“ఏంటో అంత నవ్వు? మాకూ చెబితే మేమూ నవ్వుతాం కదా!” అన్నాను.

“ఏం లేదులెండి.”

ఆ ‘ఏం లేదులెండి’తో నాకు తిక్క రేగింది. “అన్నయ్యగారూ, బ్యాటరీ మీద ఎక్కడం కూడా ఒక ఎక్కడమేనా? దానికి సైకిలెందుకండీ, వదినగారి పక్కన కార్లో కూర్చుంటే పోయేదిగా!”

ఆయన నవ్వు ఆగిపోయింది. పెద్దల్లుణ్ణి అంతేసి మాట అన్నవాళ్ళు మా అత్తవారింట్లో ఇంతవరకూ లేరు. ఆయన బొటనవేలితో మీట నొక్కి బ్యాటరీ ఆపేశాడు. “నిజమే తమ్ముడూ” అని తొక్కడం మొదలుపెట్టాడు. బ్యాటరీ ఆగితే ఆ సైకిలు ఇనప సామానే. నాలుగు బారలు వెళ్ళి దిగిపోయాడు, తోసుకుంటూ నడిచాడు. మా ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. తనూ దిగింది, ఆయన పక్కనే సైకిలు నడిపించుకుంటూ వెళ్ళింది.

నేను తొక్కుకుంటూ వాళ్ళను దాటి ఊళ్ళోకి మొదట చేరాను. చర్చి ముందు కారు దగ్గర వదినగారు తప్ప ఎవరూ లేరు. “వాళ్ళేరీ?” అన్నారు. “వస్తున్నారు” అన్నాను. ఎంతకీ రాలేదు. ఉండబట్టలేక మళ్ళీ కిందికి దిగాను. తోట రాతిగోడ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

“బ్యాటరీ ఆన్ చేయండి అన్నయ్యగారూ. వదినగారు కంగారుపడుతున్నారు” అన్నాను. అంతకంటే క్షమాపణ నాకు చేతకాలేదు. ఆయన నా భుజం తట్టి, మీట నొక్కి, చల్లగా వెళ్ళిపోయాడు. మేమిద్దరం మిగిలాం.

“అంత కుళ్ళేంటండీ మీకు?” అంది.

“అవును, కుళ్ళే. ఏడాదిగా నాతో తొక్కావు, ఒక్కసారైనా అలా నవ్వావా? పైగా సైకిల్ అమ్మేస్తానన్నావుగా మీ అక్కతో.”

“విన్నారా?”

“విన్నా.”

“మీతో నేనెప్పుడు తొక్కానండీ? మీరెప్పుడూ ముందు, నేను వెనక. పైకెళ్ళి కూల్‌గా రెస్ట్ తీసుకుంటారు. నేను ఆయాసపడుతూ రాగానే ‘రెడీయా’ అని బయల్దేరతారు. నాకు రెస్టేదీ? ఏడాదిగా నేను చూసింది మీ వీపు. అంతే.”

“మరి ఆయనతో ఏంటి నవ్వు?”

గోడ పక్కనున్న ద్రాక్షాకు ఒకటి తుంచింది. తర్వాత తల దించుకుని అంది. “మీ వీపు గురించే. ఆ గ్రే జెర్సీ మీద చెమట, కొండ కింద ఉండగా ఇడ్లీ అంత మొదలవుతుంది. సగం ఎక్కేసరికి ఊతప్పం. పైకెళ్ళేసరికి పేపర్ దోసె. ఏ శనివారమైనా అదే ఆర్డర్. బావకి చెబితే, ఇక ప్రతి మలుపు దగ్గరా ‘ఊతప్పం వచ్చిందా, వచ్చిందా’ అని ఒకటే గోల.”

ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారంటే ఒళ్ళు మండాలి. మండింది కూడా. కానీ సైకిళ్ళు తీసుకుని నడక మొదలుపెట్టాక ఇంకోటి తట్టింది. ఇంత చిన్న జోకు చెప్పుకోవడానికి ఏడాది పాటు ఆవిడకు పక్కన మనిషి లేడు. ఊరి దాకా ఆవిడ పక్కనే సైకిలు తోసుకుంటూ నడిచాను.

శాన్ రామన్ వచ్చాక మొదటి శనివారం. సైకిలు అమ్మే మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ కదపలేదు. పొద్దున్నే గరాజ్‌లో రెండు సైకిళ్ళకూ గాలి కొట్టి, కాఫీ కప్పు పట్టుకుని అక్కడే తచ్చాడుతున్నాను. వస్తుందా, రాదా? చివరికి హెల్మెట్ పట్టుకుని వచ్చింది.

“ఎవరు ముందు?” అంది.

“నువ్వే.”

లివర్మోర్‌లో ద్రాక్షాకులు ఎర్రబడుతున్నాయి. మట్టిదారి ఎత్తెక్కుతుంటే ఆవిడ వెనక నెమ్మదిగా తొక్కడం నాకు నరకమే, సైకిలు అటూ ఇటూ తూలిపోతోంది. అయినా దాటలేదు. ఆవిడ నీలం జెర్సీ మీద, వీపు మధ్యలో చిన్న తడి కనిపించింది.

“ఇడ్లీ!” అని అరిచాను.

వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ తొక్కింది. సగం దూరం ఎక్కాం.

“ఊతప్పం!”

అంతే, కాలు కింద పెట్టేసింది. హ్యాండిల్ మీద తల వాల్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. “అబ్బా, నువ్వు నోర్ముయ్!” అంది. ఎదురుగా వస్తున్న అమెరికన్ ముసలాయన ఒకాయన సైకిలు ఆపి ‘ఆర్ యూ ఓకే’ అని అడిగి వెళ్ళాడు.

కళ్ళు తుడుచుకుని జెర్సీ జేబులోంచి ఫోన్ తీసింది. “ఆగండాగండి, బావకి మెసేజ్ పెడతా.”

“వద్దు” అన్నాను. “ఇది ఆయనకు చెప్పకు.”