అమ్మోనియా మీది రెండు చుక్కలు

ఈ ఉదయం మా లాస్‌పేట సందులో ఎదురింటి కోడలు మెలికల ముగ్గు వేస్తూ రెండు చుక్కలు గీతకు అందకుండా వదిలేసింది. అత్తగారు గడప దగ్గర నుంచే గొణిగి, ఆ పిల్లచేత వాటినీ కలిపించింది. చుక్క ఒంటరిగా మిగిలితే ఇంటికి మంచిది కాదని ఇక్కడి నమ్మకం. కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తున్న నాకు మా వదిన గుర్తొచ్చింది. కాఫీ చల్లారిపోయింది.

అన్న పోయేనాటికి వదినకు నలభై నిండలేదు, కూతురు ఇంకా బడికి పోతోంది. అన్న పనిచేసింది నీళ్ళు పరీక్షించే ప్రభుత్వ ల్యాబులో. అక్కడే వదినకు ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, ప్లస్ టూ పాసయి ఉండాలన్నారు. పెళ్ళికి ముందు ఆమెకు తప్పింది ఒక్క కెమిస్ట్రీయే. అన్న పోయాక ఒకసారి రాసింది, మళ్ళీ తప్పింది. ఆఫీసువాళ్ళ గడువులో ఇక మిగిలింది ఒకే పరీక్ష. అదీ పోతే అద్దెకుంటున్న నటేశన్ నగర్ ఇల్లు ఖాళీ చేసి, ఎదురుపడితేనే ముఖం చాటేసే తన తమ్ముడి పంచన చేరాలి. నేను కెమిస్ట్రీ టీచర్ని కాబట్టి భారం నామీద పడింది. పొద్దున్నే వాళ్ళింట్లో పాఠం చెప్పి బడికి వెళ్ళేదాన్ని.

తెలివితక్కువదేం కాదు మా వదిన. ఐరన్ పక్కన రెండో మూడో రోమన్ అంకె ఎందుకు రాస్తారో చెప్పబోతే, మన వీధిలో ఒకే పేరున్న ఇద్దర్ని ఇనిషియల్ పెట్టి పిలిచినట్టే కదా అని తేల్చేసింది. ఆవర్తన పట్టికలో కుడివైపు పోయేకొద్దీ పరమాణువు చిన్నదవుతుంది, పక్కవాడి ఎలక్ట్రాన్‌ను లాక్కునే గుణం పెరుగుతుంది అంటే, అన్నిటికంటే ఎక్కువగా లాక్కునే ఫ్లోరిన్‌కు మా అమ్మ పేరు పెట్టింది. పక్క గదిలో అమ్మ కాసేపు విననట్టు నటించి, చివరికి తనూ నవ్వేసింది. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో విన్న నవ్వు అది.

బంధాల దగ్గరే పడిపోయేది. ఎలక్ట్రాన్లను చుక్కలుగా పెట్టమనగానే ఆమె చెయ్యి ముగ్గు చెయ్యి అయిపోయేది. అన్న ఉన్నప్పుడు వీధిలో అందరికంటే పెద్ద మెలికల ముగ్గు ఆమెదే. ఆయన పోయాక వాకిట్లో వెయ్యలేదు. ఎవరూ వద్దనలేదు, వెయ్యమనీ అనలేదు. అమ్మోనియా గీయమంటే నైట్రోజన్ చుట్టూ మూడు హైడ్రోజన్లు సరిగ్గానే పెట్టేది. మీద మిగిలిన రెండు చుక్కల దగ్గర ఆగి, వాటికీ ఒక హైడ్రోజన్‌ను తగిలించేది. కొట్టేసి మళ్ళీ గీయమంటే మళ్ళీ అంతే. పోయిన పరీక్షలోనూ అట్లాగే రాసి వచ్చిందట. ఆ రెండూ ఎవరితోనూ కలవవని, వాటిని ఒంటరి జంట అంటారని మరోసారి చెప్పాను. వదిన పెన్సిలు కింద పెట్టేసింది.

“యాడైనా చుక్కని అట్ల ఒంటిగా వదిలేస్తారా పాపా? చెయ్యి రాదే నాకు.”

అని ఏడ్చింది. అన్న పోయిన నాడు కూడా ఆమె అంతగా ఏడవడం నేను చూడలేదు. పరీక్ష ముంచుకొస్తోంది. చివరికి పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

“అవి ఊరికే కూచోలేదు వదినా. ఆ రెండూ మీదనుంచి నెట్టబట్టే కింద మూడూ ఆ తీరున నిలబడుండేది. అవి లేకుంటే దానికి ఆ రూపమే లేదు.”

వదిన, బడిసంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడిన కూతుర్ని చూస్తూ ఉండిపోయింది.

పరీక్ష రాసి, రెడ్డియార్‌పాళయం బస్టాపులో నాకోసం నిలబడింది. అమ్మోనియా అడిగారట.

“వదిలేసినా పాపా. మళ్ళీ చూస్తే కలిపేస్తానని పేపరు తిప్పేసినా.”

బస్సు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

అత్తెసరు మార్కులతో పాసయింది. అన్న తిరిగిన ల్యాబులోనే సీసాలు కడిగి, చీటీలు అంటించే పనిలో చేరింది, కూతుర్ని చదివించుకుంది. వాకిట్లో ముగ్గు మాత్రం మళ్ళీ వెయ్యలేదు. ఎదురింటి ముగ్గు స్కూటర్ల కింద ఇప్పటికే సగం చెరిగిపోయింది. కాలం అన్నిటినీ కలుపుతుందంటారు గానీ, మా వదిన వదిలేసి వచ్చిన ఆ రెండు చుక్కల పక్కనుంచి అది ఇన్నేళ్ళూ గీత గీయకుండానే నడిచిపోయింది.