రాతి సిలువ వెనక వైపు

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్లే షేర్ ఆటోలు మా ఊరి మైదానం పక్కన ఆగుతాయి. మైదానం మధ్యలో నిలువెత్తు రాతి సిలువ ఉంది. తెల్లదొరల కాలం నాటిది. పిల్లలు దాన్నే వికెట్లు చేసుకుని క్రికెట్ ఆడతారు. జీడిపిక్కలు ఆరబోసినవాళ్లు దాని పక్కన కూర్చుని కాపలా కాస్తారు.

మా అత్తకు మాత్రం అది తన తాత సమాధితో సమానం. ఆయన మన్యంలో రోడ్డు వేసే పనికి కూలీగా వెళ్లి, జ్వరంతో అక్కడే పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. ఆయన పేరు ఆ రాతి మీద చెక్కారని అత్తకు వాళ్లమ్మ చెప్పిందట. అందుకే ఏటా మహాలయ అమావాస్యకు సిలువ ముందు, పెద్ద అక్షరాలున్న వైపు, ఆకులో అన్నం, పప్పు, గారెలు పెట్టి దండం పెట్టుకునేది.

యాభై దాటాక నేను వయోజన విద్య కేంద్రంలో చదవడం నేర్చుకున్నాను. అప్పటి నుంచీ అత్తది ఒకటే కోరిక. తను పోయేలోగా తాత పేరు చదివి వినిపించాలి. ముందు వైపున్నది ఇంగ్లీషు, అది నాకు రాదు. వెనక వైపు పాచి కింద సన్నటి తెలుగు అక్షరాలున్నాయి. మొన్నటి అమావాస్యకు కొబ్బరి పీచుతో రుద్ది, కూడబలుక్కుంటూ చదివాను. అత్త ముందు వైపే, ఆకు దగ్గర కూర్చుని ఉంది.

మన్యపు రోడ్డు పనిలో జ్వరంతో మరణించిన ఫలానా దొరగారి జ్ఞాపకార్థం అని ఉంది. చివరి వరసలో, ఆయనతో పాటు మరణించిన కూలీలకు కూడా అని ఉంది. అంతే.

తాత పేరు నా నోటిదాకా వచ్చింది. అనేస్తే కాదనేవాళ్లు లేరు. కానీ ఆవిడ అడిగింది చదవమని.

"పేరు లేదత్తా. కూలీలు అని ఉన్నాది."

అత్త సిలువ అవతల నుంచే అడిగింది.

"దొర పేరో?"

"ఉన్నాది."

"అయితే ఇన్నేళ్లూ మా తాత కూడు దొర తినీసినాడన్నమాట."

నవ్విందో, ఏడిచిందో నాకు తెలియలేదు. ఆకు ఎత్తి వెనక వైపుకు తెమ్మంది. నా భుజం పట్టుకుని తనూ వచ్చింది. కూలీలు అన్న మాట మీద ఆవిడ వేలు పట్టుకుని పెట్టాను.

"ఎంతమందో రాయనేదా?"

లేదన్నాను.

"బోలెడుమందుంటారు. ఇంటికెళ్లి ఇంకాస్త కూడు అట్టుకురా," అంది.