కచేరీలోంచి తీసేసిన హెచ్చరిక

ఈ పొద్దున రేడియోలో వయొలిన్ కచేరీ వచ్చింది. ఉక్కునగరంలో మా సంగీతం పిచ్చివాళ్ళందరికీ ఏ కచేరీ ఎప్పుడొస్తుందో కబురు చెప్పేదీ, టేపు చేసి పంచేదీ నేనే. నా టేపులో పాట తప్ప ఇంకో మాట వినపడదని కాస్త పొగరు కూడా.

కల్యాణి రాగాలాపన రక్తి కడుతుండగా మధ్యలో ఆపి, "మత్స్యకారులకు హెచ్చరిక" అన్నారు. విసుక్కుంటూ పాజ్ నొక్కి, సౌండు తగ్గించేశాను. ఎప్పుడూ చేసే పనే.

అప్పుడే, మాకు చేపలు తెచ్చే నూకాలమ్మ వచ్చి గుమ్మం ముందు గంప దించింది.

"బాబూ, రేడియోలో తుపానని ఏటో సెప్తన్నారంట కదా, ఏటన్నారు? మా ఓడు రాత్రే బోటు మీద ఎల్లిపోనాడు."

"సరిగ్గా వినలేదమ్మా."

"రేడియో నీ పక్కనే ఉన్నాది కదా బాబూ!" అంది. కోపంగా కాదు, అర్థంకాక. గంప మళ్ళీ నెత్తికెత్తుకుని, ఒక్క చేపైనా అమ్మకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ హెచ్చరిక మళ్ళీ చదివారు. ఈసారి అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకున్నాను. తీరా రాశాక, ఎక్కడికి తీసుకెళ్ళి చెప్పను? నాలుగేళ్ళుగా ఆమె దగ్గర చేపలు కొంటున్నాను, ఏ ఊరని ఒక్కసారీ అడగలేదు. ఆ వయొలిన్ విద్వాంసుడిది ఏ ఊరో, ఎవరి శిష్యుడో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

టేపు కావాలని అప్పుడే ఇద్దరు ఫోన్ చేశారు. చాలా శుభ్రంగా వచ్చింది, ఇస్తాను. ముందు ఇది చెప్పండి, నూకాలమ్మది ఏ ఊరో మీలో ఎవరికైనా తెలుసా?