సారు బొటనవేలు

పులికాట్ సరస్సు ఒడ్డున వార్తల పనిమీద తిరుగుతూ ఒక మత్స్యశాఖ సారును చాలాసార్లు చూశాను. జేబులో స్కేలున్నా వలల కన్నుల్ని బొటనవేలితోనే కొలిచేవారు. వేలు దూరితే చేపపిల్లలు తప్పించుకుంటాయని వల వదిలేవారు. దూరకపోతే ఆ వల జీపెక్కేది.

ఒకరోజు చేపలు పట్టే ఒక అక్క కొత్త వల పరిచింది. వేలు సగంలో ఆగింది.

"ఇంకొంచెం నొక్కండి సార్, దూరతాది. ఈ వల పోతే మాకు వేట లేదు."

వల తీసుకుపోవడం ఆయనకూ ఇష్టం లేదు. గట్టిగా నొక్కారు. వేలు దూరింది కానీ ఎంత లాగినా వెనక్కి రాలేదు.

"కత్తి తేమ్మా!"

"కత్తెందుకు సార్? చిన్నచేప పడితే నీళ్లలో వదలమని మీరే గదా చెప్పినారు! దూకండి."

ఒడ్డంతా గొల్లుమంది. ఆయన ప్యాంటు మడిచి, వలతో సహా మోకాలిలోతు నీళ్లలోకి దిగారు. "ఇక వదులు," అన్నారు.

నవ్వుతూనే దిగి, ఆ కన్నును ఆమే కోసింది. జీపు ఖాళీగా వెళ్లింది.

ఏడాది తర్వాత ఆ అక్క వాళ్ల పడవలో పెద్ద కన్నుల వల కనిపించింది. పాతది దొడ్లో కోళ్లకు అడ్డంగా కట్టి ఉంది. తెగిన కన్నులోంచి కోడిపిల్లలు దూరి పోతున్నాయి.

"కుట్టలేదేం అక్కా?"

"పిల్లలు గదన్నా, పోనీలే," అంది.