ట్రేలో మిగిలిన మేత

తొమ్మిదో తరగతితో చదువు ఆగింది కానీ లెక్కలు నన్ను వదల్లేదు. రేపల్లె చుట్టుపక్కల రొయ్యల చెరువులకు రోజుకు ఎంత మేత వేయాలో లెక్కగట్టి చెప్పడం నా పని. ఇదివరకు తెనాలిలో బస్సెక్కి ప్రతి చెరువుకూ వెళ్లేవాణ్ణి. వీడియోలు చూసి ఫోన్‌లో లెక్కల షీట్ తయారుచేయడం నేర్చుకున్నాక ప్రయాణాలు తగ్గాయి. రైతులు రొయ్య సగటు బరువు పంపితే చాలు, మేత ఎంతో షీట్ చెప్పేది. మూడు చెరువులు చూసేవాణ్ణి పదకొండు చూడసాగాను. గర్వపడ్డాను కూడా.

అందులో ఒక ఎకరం చెరువును ఒకావిడ కౌలుకు తీసుకుంది. ఆమెకు అదే మొదటి పంట. లక్ష రొయ్య పిల్ల వదిలింది. నూటికి ఎనభై బతుకుతాయని షీట్‌లో ఒకసారి వేశాను, మళ్లీ ముట్టుకోలేదు. రొయ్య పది గ్రాములకు వచ్చింది. ఎనభై వేల రొయ్యలంటే ఎనిమిది వందల కిలోలు. ఆ బరువులో నూటికి నాలుగు చొప్పున రోజుకు ముప్పై రెండు కిలోల మేత.

ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది.

"అన్నయ్య గారూ, రొయ్యలు పైకి తేలి తిరుగుతున్నాయండి. ఒకసారి రండి."

వెళ్లేసరికి గట్టు మీదికే కుళ్లు వాసన కొడుతోంది. పడవలో తిరిగి మేత చల్లే పెద్దాయన నా చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"దానికి ముక్కు కూడా ఉంటే బాగుండేదండి."

రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడడానికి నీళ్లలో వేలాడదీసే ట్రేని పైకి లాగాను. వేసిన మేత చాలావరకు అలాగే ఉంది.

"మిగులుతోందని చెప్పలేదేంటమ్మా?"

"రోజూ ఫొటో పెడుతూనే ఉన్నానుగా అన్నయ్యా. ఫోన్ చెయ్యొద్దు, ఫొటో పెట్టమన్నది మీరేగా."

ఫోన్ తెరిచాను. తొమ్మిది రోజులకు తొమ్మిది ఫొటోలు. ఏడింటిలో మేత బాగా, రెండింటిలో కొద్దిగా మిగిలి ఉంది. బరువు రాసిన మెసేజ్ ఒక్కటే చదివి, ఫొటోలు తెరవకుండా వదిలేశాను.

నాలుగు చోట్ల వల వేయించి లెక్కపెట్టాను. యాభై ఐదు వేలకు మించి లేవు. రోజుకు ఇరవై రెండు కిలోలు సరిపోయేది. పది కిలోల చొప్పున, తొమ్మిది రోజుల్లో తొంభై కిలోలు చెరువు అడుగున కుళ్లి, నీళ్లలో గాలిని తగ్గించేశాయి.

"తప్పు నాదేనమ్మా."

"అది సరేనండి. ఉన్నవి బతుకుతాయా?"

మేత ఆపించాను. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆపకుండా తిప్పించాను. మూడు రోజులు ఆ గట్టు మీదే ఉన్నాను. మూడో రోజు వలకు చచ్చిన రొయ్యలు మరీ ఎక్కువగా తగలడంతో ఆమె ఇక ఆగలేదు. ఇంకా పెరగాల్సిన రొయ్యల్ని పట్టించేసింది.

తూకం నాలుగు వందల పది కిలోలు, అంటే నలభై ఒక్క వేల రొయ్యలు. అది అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"ఈ మూడు రోజుల్లో ఎన్ని పోయాయి అన్నయ్యా?"

"పధ్నాలుగు వేలమ్మా" అన్నాను.