బాపట్లలో దూకిన రాజు

తెనాలిలో జాకెట్లు కుట్టే బుడే సాహెబ్‌కి యాభై ఎనిమిదేళ్లు. చదరంగం టోర్నమెంట్లకు వెళ్లడం మొదలుపెట్టి మూడేళ్లయింది, గెలిచిన ఆట ఒక్కటీ లేదు. ఈసారి భార్య అమీనా బీ తేల్చి చెప్పేసింది. బాపట్లలో ఒక్క ఆటైనా గెలిస్తే వచ్చే నెల రేపల్లె టోర్నమెంటుకి పోవచ్చు, లేకపోతే బోర్డు అటకెక్కుతుంది. ఆమె మాటంటే మాటే.

చిక్కంతా పాత అలవాటుతోనే. ముప్పై ఏళ్లుగా మొగుడూ పెళ్లాం ఇంట్లో ఆడేది నాటు చదరంగం, అందులో గెలిచేదీ ఎక్కువగా ఆమే. నాటు ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. రాజు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. టోర్నమెంట్లో ఆ వేషాలు కుదరవు. రాజు దగ్గర చెయ్యి జాగ్రత్త అని రైలెక్కే ముందు కూడా అమీనా బీ హెచ్చరించింది.

బాపట్లలో ఎదురుగా కూర్చున్నది హనుమంతరావు, రేపల్లెలో రిటైరైన లెక్కల మాస్టారు. బుడే సాహెబ్ అలవాటు ప్రకారం రాజు ముందు బంటుని ఒక గడి, మంత్రి ముందు బంటుని ఒక గడి జరిపాడు. ఇదేదో కొత్త ఓపెనింగ్ అనుకుని మాస్టారు పావుగంట తల పట్టుకున్నారు. చివరికి మంత్రిని తెచ్చి చెక్ చెప్పారు. మనవాడు గుర్రాన్ని అడ్డంపెట్టి గట్టెక్కాడు.

ముప్పయ్యో ఎత్తుకి రాజు ఇరుకున పడ్డాడు. బుడే సాహెబ్ చెయ్యి ఊరుకోలేదు, రాజుని గుర్రంలా దూకించి కూర్చోబెట్టింది. చేసిన పని ఆ తర్వాత గానీ తెలియలేదు. అంపైర్ అటు తిరిగి ఉన్నాడు. మాస్టారు రాజుని చూశారు, గడ్డం గోక్కున్నారు, తన ఎత్తు తాను వేసేశారు. ఆయన చిన్నప్పుడు నేర్చుకున్నదీ నాటు ఆటే మరి. అటక గుర్తొచ్చి బుడే సాహెబ్ ఆట కొనసాగించాడు. ఇంకో పది ఎత్తుల్లో గెలిచాడు. ఇద్దరూ సంతకాలు పెట్టేశారు, ఇక ఫలితం మారదు.

సాయంత్రం ఇంట్లో అమీనా బీ బోర్డు పరిచి ఆటంతా మొదటి నుంచి వేసి చూపించమంది. రాజు దూకే చోట చెయ్యి పట్టుకుంది. దానికి బుడే సాహెబ్ రైల్లోనే జవాబు తయారు చేసుకున్నాడు. టోర్నమెంటు రూలు కాకపోతేనేం, మన ఇంటి రూలు ప్రకారం న్యాయమేగా అన్నాడు.

"మన రూల్లోనూ చెల్లదండి. ఒకసారి చెక్ పడ్డ రాజుకి దూకే హక్కు లేదు. మీకు మొదట్లోనే పడింది."

ఎటు చూసినా దొంగ గెలుపే. బుడే సాహెబ్‌కి నిజంగానే సిగ్గేసింది. బోర్డు మడిచి, స్టూలు వేసుకుని అటక మీద పెట్టబోయాడు.

"దాన్ని కిందే ఉంచండి," అంది అమీనా బీ. "రేపల్లెకి నా పేరు రాయించండి."