ఆకుపచ్చ గాజుముక్క

హనుమకొండలో కొన్న కొత్త కుండలో నీళ్లు పోయగానే వచ్చిన మట్టివాసనకు, ధర్మసాగర్‌లో కుండలు చేసే మా తాత గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు నేనూ ఒక కుండ చేసి, గుర్తుగా ఆకుపచ్చ గాజుముక్క గుచ్చాను. కుండలు కాల్చే ఆవం నుంచి తీసి, తాత ఒక నున్నటి కుండ చేతికిచ్చాడు.

"గాజేది తాతా?"

"మంటకు కరిగిపోయింది బిడ్డా. గిది నీదే."

బడికి తీసుకెళ్లి అందరికీ చూపించాను. ఇంట్లో ఆ కుండ నీళ్లే తాగేదాన్ని. తర్వాతొకరోజు, కొత్త కుండలకు మట్టి తొక్కుతుంటే అరికాల్లో ఏదో దిగింది. నా గాజుముక్కే! తాత నా కుండను కాల్చకుండా మళ్లీ మట్టిలో కలిపేశాడు.

"నీది మందంగున్నది. ఆవంల పగిల్తే పక్కకున్నయి గూడ ఆగమైతయి" అన్నాడు నెత్తురు తుడుస్తూ.

నిజమే. ముందే చెబితే ఏడ్చి ఊరుకునేదాన్ని. తాతే గ్లాసుతో ముంచిచ్చినా, ఆ నున్నటి కుండ నీళ్లు మళ్లీ తాగలేదు.